మంచి రోజుల్లో బిగింపు, చెడ్డ రోజుల్లో సడలింపు: బ్యాంకుల మీద రిజర్వు బ్యాంకు పగ్గాలు

సంఘం కార్యాలయానికి వచ్చే సభ్యులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "రెండేళ్ల కిందట ఫోన్ మీద ఫోన్ చేసి అప్పు తీసుకోండి అన్న బ్యాంకే ఇప్పుడు కుదరదంటోంది. జీతం అదే, ఇల్లు అదే. అడిగితే రిజర్వు బ్యాంకు రూల్సు మారాయంటున్నారు. నిజమేనా, సాకు చెబుతున్నారా?" కొన్నిసార్లు సాకే. చాలాసార్లు మాత్రం అందులో నిజం ఉంది. రిజర్వు బ్యాంకు రూల్సు కాలాన్ని బట్టి మారుతుంటాయి, మారాలి కూడా. అవి ఎందుకు మారతాయో, ఎటు మారతాయో మనలాంటి కుటుంబాలకు చెప్పేవాళ్లు తక్కువ. సర్క్యులర్లు ఇంగ్లీషులోనూ హిందీలోనూ వస్తాయి. బ్యాంకు కౌంటరు దగ్గర కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో నడుస్తుంది. తెలుగులో ఈ సంగతి ఒకచోట ఉంటే పనికొస్తుందని ఇది రాస్తున్నాము.

ఈ పద్ధతి సారాంశం పల్లెటూరి వాళ్లకు కొత్త కాదు. పంట బాగా పండిన ఏడాది ధాన్యం పాతర వేస్తారు, కరువు ఏడాది తీస్తారు. బ్యాంకులు తమంత తాముగా ఉంటే దీనికి సరిగ్గా తిరగేసి చేస్తాయి. వ్యాపారాలు ఊపు మీదున్నప్పుడు అందరూ వాయిదాలు సక్రమంగా కడతారు, స్థలాల ధరలు పెరుగుతుంటాయి, తనఖా విలువ బలంగా కనిపిస్తుంది. అందువల్ల బ్యాంకుకు భయం పోతుంది, ఇంకా ఇస్తుంది. ఇంకా ఇచ్చినకొద్దీ ధరలు ఇంకా పెరుగుతాయి. ఎక్కడో ఒకచోట అది తెగుతుంది. అప్పుడు బకాయిలు పేరుకుంటాయి, తనఖా విలువ పడిపోతుంది, బ్యాంకు గుప్పిట మూసేస్తుంది. అప్పు అవసరం లేని కాలంలో పిలిచి ఇచ్చి, అవసరమైన కాలంలో లేదనడం అన్నమాట. మంచి వ్యాపారి కూడా సరుకు కొనడానికి డబ్బు పుట్టక మూతపడతాడు. మందగమనం మాంద్యంగా ముదురుతుంది. దీన్ని ఆపడానికి, ఊపులో బ్యాంకుల చేత ఎక్కువ పక్కన పెట్టించి, కష్టంలో దాన్ని వాడుకోనివ్వడమే ఆర్థిక చక్రానికి ఎదురు నడిచే నియంత్రణ.

పట్టుకునే మీటలు ఏవి?

రెండు మాటలు తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది.

మొదటిది మూలధనం. బ్యాంకు మనకిచ్చే అప్పులో చాలా భాగం డిపాజిటర్ల డబ్బు. కొంత భాగం మాత్రం వాటాదారుల సొంత డబ్బు ఉండి తీరాలి, ఎందుకంటే అప్పు మునిగితే ముందు పోవలసింది అది. మన దేశంలో ఆ కనీసం 9 శాతం. అయితే ఇచ్చిన అప్పు మొత్తం మీద కాదు, ఆ అప్పుకు కట్టిన రిస్క్ వెయిట్ మీద లెక్క. 20 లక్షల ఇంటి అప్పుకు రిస్క్ వెయిట్ 50 శాతం అనుకుందాం. అంటే లెక్కలోకి వచ్చేది 10 లక్షలు. దాని మీద 9 శాతం అంటే బ్యాంకు 90 వేలు సొంత డబ్బు పెట్టాలి. అదే వెయిట్‌ను 75 శాతానికి పెంచితే లెక్కలోకి 15 లక్షలు వస్తాయి, సొంత డబ్బు 1,35,000 కావాలి. ఇల్లు మారలేదు, అప్పు తీసుకున్న మనిషి మారలేదు. బ్యాంకుకు మాత్రం ఆ అప్పు ఒకటిన్నర రెట్లు ప్రియమైంది. అప్పుడది వడ్డీ అయినా పెంచుతుంది, ఫైలయినా వెనక్కి పంపుతుంది.

రెండోది కేటాయింపు. సక్రమంగా వాయిదాలు కడుతున్న అప్పు మీద కూడా ముందుజాగ్రత్తగా బ్యాంకు తన లాభంలోంచి కొంత తీసి పక్కన పెట్టాలి. నూటికి పావలా పెట్టమంటే ఒక మాట, రెండు రూపాయలు పెట్టమంటే ఇంకో మాట.

ఈ రెండింటినీ మన దేశంలో కాలానికి తగ్గట్టు తిప్పిన తీరుకు అన్నిటికన్నా మంచి ఉదాహరణ 2004 నుంచి 2008 దాకా నడిచింది. ఆ సంగతి కొంచెం వివరంగానే చెబుతాము. అప్పట్లో బిగించిన గవర్నరూ మనవారే, తర్వాత సడలించిన గవర్నరూ మనవారే కావడం మనకొక అదనపు ఆసక్తి.

వేణుగోపాల్ రెడ్డి గారి బిగింపు

యాగా వేణుగోపాల్ రెడ్డి గారిది కడప జిల్లా. మద్రాసు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి, ఉస్మానియాలో డాక్టరేటు తీసుకుని, ఐఏఎస్‌లో పనిచేసి, 2003 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు గవర్నరయ్యారు. ఆయన వచ్చిన కొద్ది కాలానికే దేశంలో అప్పులు ఏటా సుమారు 30 శాతం చొప్పున పెరగసాగాయి. ఇళ్లకు, స్థలాలకు, క్రెడిట్ కార్డులకు, షేర్లకు డబ్బు ప్రవాహంలా వెళ్లింది. బెంగళూరు, హైదరాబాదు శివార్లలో ఎకరాల భూములు గజాల లెక్కన అమ్ముడుపోయిన రోజులవి. హోసూరు రోడ్డు పొడవునా వెలిసిన లేఅవుట్లు చూసిన మన పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

2004 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ఇంటి అప్పుల రిస్క్ వెయిట్‌ను 50 నుంచి 75 శాతానికి, వ్యక్తిగత అప్పులు, క్రెడిట్ కార్డు బాకీల మీద 100 నుంచి 125 శాతానికి పెంచింది. వాణిజ్య భవనాలు, స్థలాల వ్యాపారానికిచ్చే అప్పుల మీద 2005 జూలైలో 125 శాతం, 2006 మే నెలలో 150 శాతం చేసింది. కేటాయింపులను కూడా వదల్లేదు. సక్రమంగా ఉన్న అప్పుల మీద 0.25 శాతంగా ఉన్నదాన్ని 2005 నవంబరులో 0.40 శాతం చేసింది, వ్యవసాయానికి, చిన్న పరిశ్రమలకు మాత్రం పాత రేటే ఉంచింది. వాణిజ్య స్థలాలు, వ్యక్తిగత అప్పులు, షేర్ మార్కెట్ అప్పుల మీద 2006లో 1 శాతానికి, 2007 జనవరిలో 2 శాతానికి తీసుకెళ్లింది.

ఒక లెక్క వేసి చూడండి. ఒక బిల్డరుకు కోటి రూపాయలిచ్చిన బ్యాంకు 2005 మొదట్లో 9 లక్షల మూలధనం పెడితే సరిపోయేది. 2006 మే తర్వాత అదే కోటికి 13.5 లక్షలు కావాల్సి వచ్చింది. పక్కన పెట్టవలసిన కేటాయింపు 25 వేల నుంచి 2 లక్షలకు చేరింది.

ఇక్కడ మాకు నచ్చిన విషయం ఒకటుంది. 2007 మే నెలలో, ఇంకా బిగింపు నడుస్తున్నప్పుడే, 20 లక్షల లోపు ఇంటి అప్పుల రిస్క్ వెయిట్‌ను మళ్లీ 50కి తగ్గించారు. మరుసటేడు ఆ పరిమితి 30 లక్షలైంది. తల దాచుకోవడానికి ఇల్లు కట్టుకునేవాణ్నీ, లాభానికి స్థలాలు కొని అమ్మేవాణ్నీ ఒకే గాట కట్టలేదన్నమాట. రూల్సు రాసేవాళ్లు అరుదుగా పాటించే విచక్షణ ఇది.

అప్పట్లో ఈయన మీద విమర్శలకు కొదవ లేదు. దేశం పరుగెడుతుంటే కాళ్లకు అడ్డం పడుతున్నారని వ్యాపారవర్గాలు అన్నాయి, ప్రపంచమంతా పగ్గాలు వదులుతుంటే ఈయన బిగిస్తున్నారని పత్రికలు రాశాయి. ఈ రకం నియంత్రణలో ఉన్న చిక్కే అది. మంచి రోజుల్లో ముందుజాగ్రత్త అందరికీ పిరికితనంలా కనిపిస్తుంది. అది ఆపిన నష్టం జరగలేదు కాబట్టి ఎవరి కంటికీ ఆనదు.

2008 జనవరిలో 21 వేలు తాకిన సెన్సెక్స్ అక్టోబరుకు 9 వేల కిందికి పడింది. అమెరికాలో లీమన్ బ్రదర్స్ సెప్టెంబరు 15న కూలింది. అక్కడ ఇంటి అప్పుల బుడగ పగిలి పెద్దపెద్ద బ్యాంకులు ప్రభుత్వం ముందు చేతులు చాచాయి. మన బ్యాంకులకు ఆ గతి పట్టలేదు. దానికి ఒక్క రిస్క్ వెయిట్లే కారణమనడం అతిశయోక్తి. మన బ్యాంకులు ఆ విదేశీ పత్రాల జోలికి పెద్దగా వెళ్లకపోవడం, ఎక్కువ బ్యాంకులు ప్రభుత్వానివి కావడం కూడా కారణాలు. అయినా పక్కన పెట్టించిన ఆ డబ్బు ఉన్నది కాబట్టే తర్వాతి అడుగు వేయగలిగారు. నోబెల్ బహుమతి పొందిన ఆర్థికవేత్త జోసెఫ్ స్టిగ్లిట్జ్ వంటివారు తర్వాత రెడ్డి గారిని మెచ్చుకున్నారు.

సుబ్బారావు గారి సడలింపు

దువ్వూరి సుబ్బారావు గారు ఏలూరు వారు. 2008 సెప్టెంబరు 5న గవర్నరుగా బాధ్యత తీసుకున్నారు. పది రోజులకే లీమన్ వార్త. ఆ నవంబరులో రిజర్వు బ్యాంకు వాణిజ్య స్థలాల అప్పుల రిస్క్ వెయిట్‌ను 150 నుంచి మళ్లీ 100కి దించింది. 2 శాతం కేటాయింపులన్నిటినీ 0.40 శాతానికి తెచ్చింది. అంతకు ముందు 9 శాతం దాకా వెళ్లిన నగదు నిల్వల నిష్పత్తిని 2009 జనవరికి 5 శాతం చేసింది. పాతర మూత తీసినట్టే. ముందే నిండుగా లేకపోతే తీయడానికి ఏముంటుంది?

ఇంతవరకు కథ ముచ్చటగానే ఉంది. అసలు పాఠం దీని తర్వాత ఉంది, దాన్ని దాచి పొగడటం న్యాయం కాదు.

2008 చివర్లో, కష్టాల్లో పడిన అప్పులకు వాయిదాలు మార్చి ఇచ్చినా వాటిని మొండి బకాయిలుగా చూపనక్కర్లేదని బ్యాంకులకు వెసులుబాటు ఇచ్చారు. ఆ సమయానికి అది సరైనదే. రెండేళ్లలో ఆర్థిక వ్యవస్థ కోలుకుంది. వెసులుబాటు మాత్రం తీయలేదు. 2015 మార్చి దాకా ఏదో ఒక రూపంలో సాగింది. ఈలోగా కరెంటు ప్రాజెక్టులకు, రోడ్లకు, ఉక్కు కర్మాగారాలకు ఇచ్చిన పెద్ద పెద్ద అప్పులు పైకి బాగున్నట్టు, లోపల పుచ్చిపోతూ ఉండిపోయాయి. రఘురామ్ రాజన్ గారు గవర్నరుగా ఉన్నప్పుడు 2015లో బ్యాంకుల ఖాతాలను లోతుగా తనిఖీ చేయించేసరికి అవి బయటపడ్డాయి. 2018 మార్చికి బ్యాంకుల మొండి బకాయిలు మొత్తం అప్పుల్లో 11 శాతం దాటాయి. మళ్లీ 2.3 శాతానికి దిగడానికి 2025 మార్చి దాకా పట్టింది.

మరి రెడ్డి గారి బిగింపు ఈ పెద్ద అప్పులను ఎందుకు పట్టుకోలేదు? ఆ బిగింపు పడింది ఇళ్ల మీద, కార్డుల మీద, షేర్ల మీద, స్థలాల మీద. కంపెనీలకు పోయిన అప్పుల ఊపు వేరు. దేశానికి రోడ్లు, కరెంటు కావాలి కాబట్టి దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. ఒక తూము మూస్తే నీరు ఇంకో తూము వెతుక్కుంటుంది.

సడలించడం సులువు, తిరిగి బిగించడమే కష్టం. సడలించినప్పుడు అందరూ చప్పట్లు కొడతారు. తిరిగి బిగించబోతే ఇంకొక్క ఏడాది ఆగమంటారు. మా అనుభవంలో గుమాస్తా బల్ల మీద "తాత్కాలికం" అని రాసి మొదలైన ఫైళ్లే అన్నిటికన్నా ఎక్కువ కాలం బతికాయి. రిజర్వు బ్యాంకు కూడా దీనికి అతీతం కాలేకపోయింది.

బాసెల్ నిబంధన, మన రూపం

2008 దెబ్బ తర్వాత ప్రపంచ దేశాల నియంత్రకులు స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో కూర్చుని 2010 డిసెంబరులో ఒక ఒప్పందం ప్రకటించారు. దాన్నే బాసెల్ 3 అంటారు. గవర్నరు తెలివి మీద, ధైర్యం మీద వదిలేయకుండా ఒక కొలబద్ద పెట్టాలన్నది అందులో ఒక ఆలోచన. దేశంలో మొత్తం అప్పులు జాతీయాదాయంలో ఎంత వంతు ఉన్నాయో చూస్తారు. ఆ వంతు దీర్ఘకాలపు ధోరణిని మించి ఎంత ఎగబాకిందో లెక్కిస్తారు. ఎగబాకినకొద్దీ బ్యాంకులు 0 నుంచి 2.5 శాతం దాకా అదనపు మూలధనం కూడబెట్టాలి. దిగినప్పుడు దాన్ని వదిలేస్తారు.

బ్రిటన్ దీన్ని నిజంగా వాడింది. 1 శాతంగా ఉన్న ఈ అదనపు నిల్వను 2020 మార్చిలో కోవిడ్ రాగానే సున్నా చేసింది. 2023 జూలై నాటికి తిరిగి 2 శాతానికి తెచ్చింది. స్పెయిన్ అయితే బాసెల్ కన్నా పదేళ్ల ముందే, 2000లో, మంచి కాలంలో ఎక్కువ కేటాయింపు పెట్టే పద్ధతి మొదలుపెట్టింది. అయినా అక్కడి ఇళ్ల బుడగ పగిలినప్పుడు ఆ నిల్వ చాలలేదు. 2012లో తన బ్యాంకుల కోసం ఐరోపా దేశాల దగ్గర సాయం తీసుకోవలసి వచ్చింది. పాతర ఉంటే చాలదు, కరువుకు తగ్గ లోతుండాలి.

మన రిజర్వు బ్యాంకు 2015 ఫిబ్రవరి 5న ఈ నిబంధనను విడుదల చేసింది. అప్పుల వంతు ధోరణిని 3 శాతం పాయింట్లు మించితే నిల్వ మొదలవుతుంది, 15 పాయింట్లు మించితే పూర్తి 2.5 శాతానికి చేరుతుంది. మామూలుగా నాలుగు త్రైమాసికాల ముందు చెప్పి అమలు చేస్తారు. అప్పులకూ డిపాజిట్లకూ మధ్య నిష్పత్తి, కంపెనీలు వడ్డీ కట్టగల శక్తి వంటివి కూడా పక్కన పెట్టుకుని చూస్తారు. ఆ తర్వాత సమీక్షించిన ప్రతిసారీ రిజర్వు బ్యాంకు ప్రస్తుతం అక్కర్లేదనే ప్రకటిస్తూ వచ్చింది. అసలైన ఊపు వచ్చి వెళ్లిపోయాక గంట కట్టాము, అందుకే అది మోగలేదు.

మరి ఈ పదేళ్లలో రిజర్వు బ్యాంకు చేతులు ముడుచుకు కూర్చుందా అంటే, లేదు. పాత మీటలనే వాడింది. 2020 అక్టోబరులో ఇంటి అప్పుల మీద రిస్క్ వెయిట్ తగ్గించింది. అప్పు ఎంత పెద్దదైనా, ఇంటి విలువలో 80 శాతం లోపైతే 35 శాతమే. మనం మొదట్లో చెప్పుకున్న 20 లక్షల అప్పుకు ఈ లెక్కన బ్యాంకు పెట్టవలసింది 63 వేలు. ఒకే అప్పుకు 2004 ముందు 90 వేలు, తర్వాత 1,35,000, తిరిగి 90 వేలు, చివరికి 63 వేలు. ఆ ఏళ్లలో మన ఇళ్లలో ఎవరెవరికి అప్పు సులువుగా దొరికిందో, ఎవరికి దొరకలేదో గుర్తు చేసుకుంటే ఈ అంకెలు ప్రాణం పోసుకుంటాయి.

2023 నవంబరు 16న మళ్లీ బిగించింది. తనఖా లేని వ్యక్తిగత అప్పులు విపరీతంగా పెరుగుతున్నాయని వాటి వెయిట్‌ను 100 నుంచి 125కి, బ్యాంకుల క్రెడిట్ కార్డు బాకీలకు 125 నుంచి 150కి పెంచింది. ఇంటి, చదువు, వాహన అప్పులను, బంగారం తాకట్టు అప్పులను మినహాయించింది. ఫైనాన్స్ కంపెనీలకు బ్యాంకులిచ్చే అప్పుల మీద కూడా వెయిట్ పెంచి, 2025 ఫిబ్రవరిలో ఆ భాగాన్ని వెనక్కి తీసుకుంది. ఆ కాలంలో ఫోన్లో వచ్చే "ముందే మంజూరైన" అప్పులు ఎందుకు తగ్గాయని అడిగిన సభ్యులకు జవాబు ఇదే.

బంగారం దగ్గర జరిగింది

మన కుటుంబాలకు బ్యాంకు నియంత్రణ తగిలేది ఎక్కువగా బంగారం దగ్గర. తాకట్టు పెట్టిన బంగారం విలువలో ఎంత శాతం దాకా అప్పు ఇవ్వవచ్చో రిజర్వు బ్యాంకు చెబుతుంది. చాలా కాలం అది 75 శాతం. 2020 ఆగస్టులో, కోవిడ్ కష్టం చూసి, వ్యవసాయేతర అవసరాలకు బ్యాంకులు 90 శాతం దాకా ఇవ్వవచ్చని 2021 మార్చి 31 వరకు వెసులుబాటు ఇచ్చింది. కష్టకాలంలో సడలింపు, అంటే పద్ధతి ప్రకారం సరైనదే.

చిక్కు ఏమిటంటే ఆ నెలలోనే బంగారం ధర శిఖరం మీద ఉంది. పది గ్రాములు 55 వేలు దాటింది. వ్యాపారాలకు కష్టకాలమైనా బంగారానికి అది ఊపుకాలం. లెక్క సులువుగా ఉండటానికి మేలిమి ధరే తీసుకుందాం. వంద గ్రాములకు విలువ 5,50,000. 75 శాతమైతే అప్పు 4,12,500. 90 శాతమైతే 4,95,000. 2021 మార్చికి ధర 45 వేల చుట్టుపక్కలకు దిగింది. అంటే అదే బంగారం 4,50,000. పాత పద్ధతిలో తీసుకున్నవారికి ఇంకా కొంత అంచు మిగిలింది. 90 శాతం తీసుకున్నవారి బాకీ, వడ్డీ కలపకముందే, నగ విలువను మించిపోయింది.

మా సభ్యుల్లో ఒక కుటుంబం ఇలాగే ఇరుక్కుంది. దుకాణం మూతపడిన నెలల్లో ఇల్లాలి నగలు పెట్టి, ఇస్తామన్నదంతా తీసుకున్నారు. ధర దిగాక కొంత డబ్బు వెంటనే కట్టాలని, లేకపోతే వేలమని కాగితం వచ్చింది. ఆ కాగితం ఆ రాష్ట్రం భాషలో ఉంది. ఇంట్లో పెద్దావిడకు అది చదవడం రాదు, మాట్లాడటమే వచ్చు. పక్కింటి కుర్రాడు చదివి చెప్పేసరికి గడువులో సగం అయిపోయింది. బంధువుల దగ్గర సర్ది విడిపించుకున్నారు కానీ, ఒక జత గాజులు అమ్ముకోక తప్పలేదు. ఆ బ్యాంకు రూలు ఏదీ మీరలేదు. సడలించిన రూలు ప్రకారమే అప్పు ఇచ్చింది, కాగితం ప్రకారమే అడిగింది. ఇవ్వవచ్చు అని రిజర్వు బ్యాంకు అన్నంత మాత్రాన మనం అంతా తీసుకోవాలని లేదన్న సంగతి ఆ కౌంటరు దగ్గర ఎవరూ చెప్పలేదు, అంతే.

2025 జూన్‌లో వచ్చిన ఆదేశాల ప్రకారం ఈ పరిమితి కాలాన్ని బట్టి కాక అప్పు పరిమాణాన్ని బట్టి ఉంటుంది. రెండున్నర లక్షల దాకా 85 శాతం, అయిదు లక్షల దాకా 80, ఆపైన 75. అమలుకు గడువు 2026 ఏప్రిల్ 1. గడువు చివర అసలూ వడ్డీ ఒకేసారి కట్టే అప్పయితే వడ్డీని కూడా కలిపి ఈ శాతం లెక్కించాలి. ఇది చిన్న మాటలా కనిపిస్తుంది కానీ, 2020లో ఉండి ఉంటే పైన చెప్పిన కుటుంబానికి గాజులు మిగిలేవేమో.

ఆ ఆదేశాల్లోనే మనకు పనికొచ్చే ఇంకో మాట ఉంది. షరతులను ఆ ప్రాంతం భాషలో గానీ, అప్పు తీసుకునేవారు ఎంచుకున్న భాషలో గానీ తెలపాలి. చదువురానివారికి సాక్షి ఎదుట వివరించాలి. అలాగే 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకు, చిన్న పరిశ్రమలకు ఇచ్చే కొత్త అప్పులకు అసలు ఖర్చంతా చూపే ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలి, అదీ తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో. హోసూరులోనైనా, బరంపురంలోనైనా, సోలాపూర్‌లోనైనా తెలుగు మాత్రమే చదవగల మన పెద్దలు తెలుగులో కావాలని అడగవచ్చు. అడిగితే మొదట ఆశ్చర్యంగా చూస్తారు. అయినా అడగాలి, వీలైతే రాతపూర్వకంగా.

దేశం సరాసరిలో కనిపించనివి

ఈ పద్ధతికి ఉన్న పెద్ద లోటు ఒకటి చెప్పాలి. కొలబద్ద దేశమంతటికీ ఒక్కటే. ఊళ్ల ఊపులు, పతనాలు దాని కంటికి ఆనవు. బళ్లారి సంగతే చూడండి. చైనా ఇనుప ఖనిజం కొంటున్న రోజుల్లో బళ్లారి, హోస్పేట చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలతో సహా ఎంతోమంది అప్పు మీద లారీలు కొన్నారు. సరుకు లారీల అప్పులు రెడ్డి గారి కాలంలో బిగించిన జాబితాలో లేవు, ఉండవలసిన కారణమూ అప్పట్లో ఢిల్లీ, ముంబై నుంచి చూస్తే కనిపించదు. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో తవ్వకాలు ఆపివేసింది. ఒక్క వారంలో లారీలు రోడ్డు పక్కన నిలబడ్డాయి. వాయిదాలు మాత్రం నిలబడలేదు. దేశం సరాసరిలో ఆ ఏడాది మాంద్యం కాదు, కాబట్టి బళ్లారి లారీ యజమానికి ఏ సడలింపూ లేదు.

సహకార బ్యాంకుల మాట కూడా ఇక్కడే చెప్పాలి. దేశంలో పట్టణ సహకార బ్యాంకులు ఎక్కువగా ఉన్నది మహారాష్ట్రలో. సోలాపూర్ మరమగ్గాల కుటుంబాల పొదుపు, అప్పు రెండూ చాలావరకు వాటితో ముడిపడి ఉంటాయి. కర్ణాటకలోనూ మనవాళ్లు వీటిని బాగా నమ్ముతారు. బాసెల్ 3 నిబంధనలు, పైన చెప్పిన 2.5 శాతం అదనపు నిల్వ సహకార బ్యాంకులకు వర్తించవు. వాటికి వేరే రిస్క్ వెయిట్లు, వేరే కేటాయింపులు ఉన్నాయి. ఒకే ఊరు, ఒకే వృత్తి మీద బతికే బ్యాంకుకు ఆ వృత్తి మందగిస్తే అప్పులన్నీ ఒకేసారి మందగిస్తాయి. పాతర అవసరం ఎవరికి ఎక్కువో వారికే నిబంధన తక్కువగా ఉండటం మాకు సబబుగా తోచదు. డిపాజిటరుకు ఉన్న చివరి అండ బీమా. 2020 ఫిబ్రవరి 4 నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు, అన్ని శాఖల్లోని ఖాతాలు, వడ్డీ కలిపి, 5 లక్షల దాకా. అంతకు ముందు లక్షే ఉండేది. బీమా ఉన్న బ్యాంకుల జాబితాలో సహకార బ్యాంకులూ ఉన్నాయి. పరపతి సంఘాలు లేవు. పేరులో బ్యాంకు అనే మాట ఉందో లేదో, రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉందో లేదో పాసుపుస్తకం అట్ట మీద కాక లైసెన్సు కాగితం మీద చూసుకోవాలి. సందేహం ఉన్న సభ్యులు పాసుపుస్తకం తీసుకుని ఆదివారం ఉదయం సంఘం కార్యాలయానికి వస్తే కూర్చుని చూసి చెబుతాము.